సేఫ్టీ టాక్‌లో కొత్త పద్ధతి పెడితే పూర్తిగా దిగాలి: చెన్నై సైట్ల నుంచి నా అనుభవం

సేఫ్టీ టాక్‌లో, అంటే పొద్దున పని ఎక్కే ముందు జాగ్రత్తల గురించి పనివాళ్లకు చెప్పే ఆ కాసేపట్లో, కొత్త పద్ధతి ఎక్కువగా మొదటి మాటలోనే చెడిపోతుంది. "ఇవాళ కొంచెం వెరైటీగా ట్రై చేద్దాం, ఎలా ఉంటుందో చూద్దాం" అంటూ మొదలుపెడతాం. ఎదురుగా ఉన్నవాళ్లు హాజరు వేయించుకుని, హెల్మెట్ పెట్టుకుని, ఎండ ముదరకముందే పని ఎక్కాలని నిలబడ్డవాళ్లు. ఆ మాట చెవిన పడగానే ఒక నిర్ణయానికి వచ్చేస్తారు. సారుకే దీనిమీద గురి లేదు, పది నిమిషాలు నిలబడితే అయిపోతుంది అనుకుంటారు. ఆ తర్వాత ఎంత మంచి విషయం చెప్పినా తలకెక్కదు.

చెన్నైలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) పొడుగునా, శ్రీపెరుంబుదూరు, ఒరగడం వైపు లేస్తున్న భవనాల మీద శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన సెంట్రింగ్ (స్లాబ్‌కు అచ్చు కట్టే), కంబీ (ఇనుప కడ్డీలు కట్టే) పనివాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు టూల్‌బాక్స్ టాక్ (సేఫ్టీ టాక్‌కే సైట్లో ఇంకో పేరు) చెప్పే పనిలో ఏది నిలబడింది, ఏది కూలింది, ఎందుకన్నది ఇక్కడ రాస్తున్నాను. మంచి ఆలోచనలకు కరువేమీ లేదు. దొరికిన మంచి ఆలోచనను సగం సగం చేసి పాడుచేసుకోవడమే నన్ను బాధపెట్టేది. ఒకసారి సగంలో వదిలేసిన పద్ధతిని అదే గుంపు ముందుకు మళ్లీ తేవడం చాలా కష్టం. "అది చూసేశాం కదా సార్" అంటారు. అక్కడితో దాని పని అయిపోయినట్టే.

సగం చేయడం చాలా వేషాల్లో వస్తుంది. పక్కన ల్యాప్‌టాప్‌లో పాత స్లైడ్లు తెరిచి ఉంచుకుంటాం. డెమో కాస్త తడబడగానే కళ్లు అటే పోతాయి, రెండు నిమిషాల్లో మళ్లీ స్లైడ్లు చదువుతూ ఉంటాం. లేదా ఒక్కడిచేత చేయించి, మిగతా అందరిచేతా చప్పట్లు కొట్టించి, ఫొటో తీసి గ్రూపులో పెట్టేస్తాం. లేదా సైట్ ఇంజనీరుకు ముందుగా చెప్పం. టాక్ మంచి పట్టులో ఉండగా కాంక్రీటు పంపు వచ్చిందని మేస్త్రీ మనుషుల్ని లాక్కుపోతాడు. వీటన్నిటికంటే చేటైనది ఇంకొకటుంది. టాక్‌లో చూపించింది పనిచోట దొరకకపోవడం. హుక్కు పైన తగిలించమని చెప్పి, పైకి చూస్తే తగిలించడానికి ఏమీ లేని స్లాబ్ మీదికి మనుషుల్ని పంపితే, మన మాట అబద్ధమని మనమే చూపించినట్టు.

అందుకే పూర్తిగా దిగడం అంటే గొంతు పెంచడమో, నాటకంలా చేయడమో అనుకోవద్దు. దానికి పని ఉంది, సామాను ఉంది, ముందురోజు సాయంత్రం ఉంది. ఒక్క పద్ధతిని మొదటి నుంచి చివరిదాకా చెప్తే ఈ తేడా తెలుస్తుంది.

ఎత్తు పనుల టాక్‌లో "బెల్టు వేసుకోండి, హుక్కు తగిలించండి" అన్న మాట రోజూ వినేదే. అందరూ వేసుకుంటారు, చాలామంది తగిలిస్తారు కూడా. తగిలించేది మాత్రం కాళ్ల దగ్గర కనబడ్డ కంబీకి. అక్కడ తగిలిస్తే ఏమవుతుందో మాటల్లో చెప్తే ఎక్కదు, లెక్క చెప్తే అసలే ఎక్కదు. దీనికి రంగుల తాడు పద్ధతి బాగా పనిచేస్తుంది.

కావలసినవి ఎక్కువేం లేవు. 8 మీటర్ల నైలాన్ తాడు, 12 మిల్లీమీటర్ల మందంది. నీలం, పసుపు, తెలుపు, ఎరుపు ఇన్సులేషన్ టేపులు. పనికి రాదని పక్కన పెట్టిన లాన్యార్డ్ (బెల్టునీ హుక్కునీ కలిపే పట్టీ) నుంచి ఒక హుక్కు (మిగిలిన పట్టీని అక్కడే ముక్కలు చేసేయాలి, లేకపోతే ఎవరో ఒకరు వాడేస్తారు). కిలో ఇసుక పట్టే గుడ్డసంచి. కొలత టేపు. కొత్త నైలాన్ తాడు సాగుతుంది, కాబట్టి ముందు ఒక రాత్రంతా బరువు కట్టి వేలాడదీసి, ఆ తర్వాతే కొలవాలి. సాగకముందు కొలిచిన తాడు నాలుగు రోజుల్లో అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది.

హుక్కు దగ్గర నుంచి 1.8 మీటర్లు నీలం టేపు చుట్టాలి. ఇది లాన్యార్డ్. తర్వాత 1.75 మీటర్లు పసుపు. పడినప్పుడు షాక్ అబ్జార్బర్ (లాన్యార్డ్‌లో దెబ్బను తగ్గించే మడత పట్టీ) కుట్లు పూర్తిగా విచ్చుకుంటే పెరిగే పొడవు ఇది. తర్వాత 1.5 మీటర్లు తెలుపు. వీపు మీది డి-రింగ్ (బెల్టుకు లాన్యార్డ్ తగిలే కడియం) నుంచి పాదాల దాకా మన ఒళ్లు. చివర 1 మీటరు ఎరుపు. పాదాలకూ కిందనున్న నేలకూ మధ్య ఖాళీగా ఉండి తీరాల్సిన జాగా. మొత్తం 6.05 మీటర్లు. ఎరుపు అయిపోయిన చోట ఇసుక సంచి కట్టి, మిగిలిన తాడు కోసేయాలి. సైట్లో ఉన్న లాన్యార్డ్ 2 మీటర్లదైతే నీలం 2 మీటర్లు చుట్టాలి. అబ్జార్బర్ ఎంత సాగుతుందో దాని లేబుల్ మీద ఉంటుంది, ఆ అంకెనే తీసుకోవాలి. సైట్లో లేని బెల్టు కొలతలతో చేసిన తాడును పనివాళ్లు ఇట్టే పట్టేస్తారు. తమ లాన్యార్డ్ పక్కన పెట్టి చూసేది వాళ్లే. ఆ తాడుకి "బరువు కట్టరాదు" అని ఎర్ర ట్యాగు వేలాడదీయడం మరవకూడదు. తాడు అన్నాక సాయంత్రానికి దానితో ఎవరో బకెట్ లాగుతూ ఉంటారు.

ఇప్పుడు ఫ్లోరు ఎత్తు 3 మీటర్లు అనుకుందాం. మొదటి అంతస్తు స్లాబ్ అంచున, కాళ్ల దగ్గరి కంబీకి హుక్కు తగిలించి తాడు కిందికి వదిలితే నీలమంతా, పసుపులో 1.2 మీటర్లు గాలిలో ఉంటాయి. మిగిలిన పసుపు, తెలుపంతా, ఎరుపంతా నేలమీద కుప్పగా పడి ఉంటాయి. తెలుపు మన ఒళ్లు. బెల్టు వేసుకుని, హుక్కు తగిలించుకుని, అన్నీ రూలు ప్రకారం చేశాననుకున్న మనిషి నేలకు కొట్టుకుంటాడు. రెండో అంతస్తు నుంచి, అంటే 6 మీటర్ల నుంచి వదిలితే ఎరుపు చివర ఐదు సెంటీమీటర్లు ఇంకా నేలకు తగులుతూనే ఉంటుంది. "అదేటి సార్, హుక్కు ఏసినా నేలకి తగిలిపోతామా?" అన్న ప్రశ్న గుంపులోంచి వస్తుంది. ఆ ప్రశ్న వాళ్ల నోటినుంచి రావాలి. మనం ముందే జవాబు చెప్పేస్తే పద్ధతంతా పోయినట్టే.

ఈ తాడును పాడుచేసే అలవాటు అక్కడే ఉంది. తాడు వదలకముందే రంగుల అర్థం చెప్పేస్తాం. నీలం అంటే ఇది, పసుపు అంటే ఇది అని వరసగా చెప్తూ పోతే అది మళ్లీ స్లైడే, తాడు మీద రాసిన స్లైడు. ముందు తాడు పడాలి. అందరూ చూడాలి. అప్పుడు నీలం నుంచి ఒక్కొక్కటీ చూపిస్తూ రావాలి. తెలుపు దగ్గరికి వచ్చాక, "ఇది మన ఒళ్లు. ఎక్కడుందో చూడండి" అని ఆగిపోవాలి. ఆ ఆగడమే అన్నిటికంటే కష్టం. గుంపు మౌనంగా ఉంటే టాక్ పట్టు తప్పిందేమోనని భయం వేసి మనమే మాట్లాడేస్తాం. నోరు మూసుకుని నిలబడాలి. పది సెకన్లు చాలా పొడుగ్గా అనిపిస్తాయి. ఈ లోపు ఎవరో ఒకరు వంగి ఆ తెల్ల టేపు పట్టుకుని చూస్తారు.

టాక్ ఎక్కడ పెట్టామన్నది కూడా ఇందులో భాగమే. అసెంబ్లీ పాయింటు దగ్గర, జెండా కర్రకు తాడు వేలాడదీసి చూపిస్తే అది ప్రదర్శన. ఆ రోజు వాళ్లు నిజంగా పనిచేయబోయే అంచు దగ్గర చూపిస్తే అది వాళ్ల ఒంటికి సంబంధించిన సంగతి. కింద బారికేడ్ కట్టి, దాని వెలుపల గుంపును నిలబెట్టాలి. పైనున్న మనిషి అప్పటికే కట్టి ఉన్న లైఫ్‌లైన్‌కి (హుక్కు వేసుకోవడానికి కట్టే గట్టి తాడుకి) తన హుక్కు వేసుకున్నాకే అంచు దగ్గరికి రావాలి. సేఫ్టీ చూపించే మనిషి హుక్కు లేకుండా అంచున నిలబడితే ఆ రోజు జనం నేర్చుకునేది అదే. ఒక తాడుకి ఇరవై, ఇరవై ఐదు మందికి మించి వద్దు. వెనకున్నవాళ్లకు నేలమీది తెలుపు కనబడదు. ఎనభై మంది ఉంటే నాలుగు గుంపులు, నాలుగు తాడులు, నలుగురు మేస్త్రీలు. సమయం పొద్దున ఏడున్నర ప్రాంతం. మే నెలలో, ఇక్కడివాళ్లు కత్తిరి అనే ఎండల రోజుల్లో, ఎనిమిది దాటాక ఆరుబయట నిలబెట్టి చెప్పే ఏ మాటా లోపలికి పోదు.

మాట్లాడేది మేస్త్రీ అయితే మేలని నా గట్టి నమ్మకం. ముందురోజు సాయంత్రం పని దిగాక, "మేస్త్రీ గారూ, రేపు మీరే చెప్పాలి, నేను పక్కన ఉంటాను" అని అదే చోట, అదే తాడుతో ఒకసారి చేయించాలి. ఈ రిహార్సల్ లేకపోతే పొద్దున ఏమేం తప్పుతాయో ఊహించుకోవచ్చు. హుక్కు నోరు ఆ కంబీ మందానికి పట్టదు. తాడు కింద ప్రాపులకు (స్లాబ్ అచ్చును మోసే గొట్టాలకు) చిక్కుకుంటుంది. మేస్త్రీ వెలుతురుకు ఎదురుగా నిలబడి చెప్తాడు, ఎవరికీ ముఖం కనబడదు. కప్‌లాక్ (పరంజా గొట్టాల) సామాను దింపే లారీ సరిగ్గా అదే వేళకు వచ్చి హారన్ కొడుతుంది. ఇవన్నీ చిన్నవే, ఒక్కొక్కటీ టాక్‌ను సగంలో ఆపే శక్తి ఉన్నవి. సైట్ ఇంజనీరుతో, స్టోర్సుతో, పంపువాళ్లతో ఆ ఇరవై నిమిషాలు ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

ఒకే గుంపులో తెలుగు, తమిళం, ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లు కలిసి ఉంటే వాక్యం వాక్యం అనువదించే పని పెట్టుకోవద్దు. పది నిమిషాల టాక్ అరగంట అవుతుంది, ఏ క్షణంలో చూసినా మూడొంతుల మంది ఊరికే నిలబడి ఉంటారు. భాషవారీగా గుంపులు చేసి, ఆ గుంపులోని మేస్త్రీ చేతికో పాత పనివాడి చేతికో తాడు ఇవ్వాలి. తాడుకు అనువాదం అక్కర్లేదు.

ఇక అసలు కీలకం. తాడు చూశాక గుంపు అడిగేది రెండే ప్రశ్నలు. మొదటిది, "మరి హుక్కు ఎక్కడ వేయాలి?" దీనికి జవాబు చేత్తో చూపించగలిగితేనే ఈ టాక్ పెట్టాలి. మొదటి అంతస్తులాంటి తక్కువ ఎత్తులో అసలు జవాబు అంచుకి రెయిలింగే. పైన ఒక గొట్టం మీటరు ఎత్తున, మధ్యలో ఒకటి, కింద సామాను జారిపోకుండా 150 మిల్లీమీటర్ల టోబోర్డు. పడకుండా ఆపేది అది, బెల్టు పడ్డాక పట్టేది. రెయిలింగ్ కట్టలేని చోట తలకంటే ఎత్తున లైఫ్‌లైన్ ఉండాలి. 12 మిల్లీమీటర్ల వైరు తాడైతే రెండు చివర్లా కనీసం మూడేసి క్లిప్పులు, వాటి మధ్య ఎడం సుమారు 75 మిల్లీమీటర్లు. క్లిప్పు జీను భాగం (గాడి ఉన్న దిమ్మ) బరువు మోసే తాడు మీద కూర్చోవాలి, యూ-బోల్టు వంపు కోసిన చివర మీద. తిరగేసి బిగిస్తే యూ-బోల్టు బరువు మోసే తాడునే నలిపేస్తుంది. ఇది చాలా సైట్లలో తిరగబడి కనిపించే పని, చూసిన ప్రతిసారీ నాకు గుండె ఝల్లుమంటుంది. లైఫ్‌లైన్‌ను ఇంజనీరు ఒప్పుకున్న కాలమ్‌కి కట్టాలి. ప్రాపుకి, షటరింగ్ ప్లేటుకి (కాంక్రీటు అచ్చు పలకకి) ఎట్టి పరిస్థితుల్లో వద్దు. మనిషి పడితే లైఫ్‌లైన్ కిందికి ఒంగుతుంది, ఆ ఒంగే మేరను కూడా తాడు లెక్కకు కలుపుకోవాలి.

ఇక్కడ ఒక్కటి జాగ్రత్తగా చెప్పాలి. హుక్కు తలపైన ఉంటే మనిషి పడే దూరం బాగా తగ్గుతుంది, అబ్జార్బర్ పూర్తిగా విచ్చుకోదు. కాబట్టి రంగుల తాడు చూపించేది అన్నిటికంటే చెడ్డ లెక్క. ఆ మాట దాచకుండా చెప్పాలి. తెలివైన పనివాడు ఎవరో ఒకరు "పైన ఏస్తే ఇంత పొడుగు సాగదు కదా సార్" అంటాడు. ఆ మాటే మనకు కావాల్సింది, అతన్ని ముందుకు పిలిచి అందరికీ చెప్పించాలి. అబ్జార్బర్ లేని మామూలు తాడు లాన్యార్డ్‌ల సంగతి కూడా ఆ పూటే తేల్చేయాలి. అబ్జార్బర్ పడే దెబ్బను 6 కిలోన్యూటన్ల లోపు ఉంచుతుంది, అంటే సుమారు 600 కిలోల బరువు లాగినంత. అబ్జార్బర్ లేకుండా కాళ్ల దగ్గర హుక్కు వేసి పడితే ఆ హద్దు దాటిపోతుంది, దెబ్బంతా వెన్నుకే.

రెండో ప్రశ్న, "పడి వేలాడుతుంటే ఎవరు దించుతారు సార్?" దీనికి "అంబులెన్స్ పిలుస్తాం" అంటే మౌనం వస్తుంది, మంచి మౌనం కాదు. బెల్టులో కదలకుండా వేలాడే మనిషికి తొడల పట్టీలు రక్తాన్ని కాళ్లలోనే ఆపేస్తాయి. నిమిషాల్లో స్పృహ తప్పే ప్రమాదం ఉంది. ఆ రోజు షిఫ్టులో దించేది ఎవరు, నిచ్చెన ఎక్కడుంది, మ్యాన్‌లిఫ్ట్ (మనుషుల్ని పైకి ఎత్తే యంత్రం) తాళం ఎవరి దగ్గర, ఇవన్నీ పేర్లతో సహా టాక్‌కి ముందే తేలి ఉండాలి. తేలకపోతే తాడు టాక్ ఒకరోజు వెనక్కి జరపడమే న్యాయం. కొత్త పద్ధతికి పూర్తిగా దిగడమంటే ఈ జవాబుల దాకా దిగడం. ఇంత పని చేయలేనప్పుడు పాత పద్ధతిలోనే శుభ్రంగా ఐదు నిమిషాలు మాట్లాడటం నయం.

మిగతా పద్ధతుల్లోనూ ఇదే సూత్రం, వివరాలే వేరు.

చేతి గాయాల టాక్‌లో బొటనవేలు కట్టే పద్ధతి చాలామందికి తెలిసిందే. బొటనవేలు మడిచి అరచేతికి మెడికల్ టేపుతో అంటించి, చొక్కా గుండీ పెట్టుకోమని, టిఫిన్ డబ్బా మూత తీయమని, జేబులోంచి పది రూపాయల నోటు తీయమని అడుగుతాం. ఇది నవ్వులాటగా మారి పోవడానికి కారణాలు రెండు. సారు తన వేలు కట్టుకోడు, ముందు వరసలో నలుగురికే కడతాడు. అందరికీ కట్టాలి, సేఫ్టీ ఆఫీసరుకూ, ఇంజనీరుకూ, ఆ పూట సైట్లో ఉంటే ప్రాజెక్టు మేనేజరుకూ. రెండు చేతులకూ కట్టాలి, ఒక చేయి వదిలేస్తే దాంతోనే కానిచ్చేస్తారు. పది నిమిషాలు ఉంచాలి. మొదటి రెండు నిమిషాలు నవ్వుతారు, నవ్వనివ్వాలి. ఐదో నిమిషం దాటాక విసుగు మొదలవుతుంది, గుండీ పెట్టుకోలేక చొక్కా వదిలేస్తారు. గ్రైండర్ గురించి మాట్లాడాల్సింది అప్పుడు. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. గార్డు తీసేసి పెద్ద డిస్క్ వేసే అలవాటు సైట్లో ఉంటే ఆ గ్రైండర్‌ను, ప్లగ్గు తీసి, అందరి ముందు పెట్టాలి. టేపు విప్పకముందే ఆ గార్డు మళ్లీ బిగించమని అడగాలి. బొటనవేలు లేకుండా స్పానర్ నిలవదు. మాటలు అక్కడితో చాలు.

మంటలార్పే సిలిండర్ దగ్గర ఖర్చు చూసి వెనకాడటం వల్లే సగం పని జరుగుతుంది. 6 కిలోల ఏబీసీ పౌడర్ సిలిండర్ సుమారు 15 నుంచి 20 సెకన్లలో ఖాళీ అయిపోతుంది. ఒక్కడిచేత మొత్తం కొట్టించి మిగతావాళ్లను చూడమంటే, చూసినవాళ్లకు ఆ సమయం ఎంత తక్కువో ఒంటికి తెలియదు. మూడు నాలుగు సెకన్ల చొప్పున కొట్టిస్తే ఒక సిలిండర్ నలుగురి చేతికి వస్తుంది. రీఫిల్ గడువు దగ్గర పడుతున్న సిలిండర్లను లెక్కచూసి, ప్రాక్టీసును ఆ వారంలో పెట్టుకుంటే స్టోర్సువాళ్లు కూడా అభ్యంతరం చెప్పరు. పూర్తి సిలిండర్లు రెండు పక్కన వేరుగా, ముట్టుకోకుండా ఉండాలి. ఇనుప ట్రేలో రెండంగుళాల నీళ్లు పోసి, పైన డీజిల్, అంటుకోవడానికి కొద్దిగా పెట్రోలు. మంట ఆరాక వేడి ట్రేలో మళ్లీ ఇంధనం పోయకూడదు. చల్లారే దాకా ఆగాలి, లేదా రెండో ట్రే ఉండాలి. తొందరలో వేడి ట్రేలో పెట్రోలు పోయడం దగ్గరే ప్రాక్టీసు ప్రమాదంగా మారుతుంది. గాలి వీపుకి ఉండాలని అందరికీ తెలుసు. చెన్నైలో వేసవిలో పొద్దున పడమటి గాలి వీస్తుంది, మధ్యాహ్నానికి సముద్రం గాలి తిరుగుతుంది. ముందురోజు సాయంత్రం రిహార్సల్ చేసి ట్రే పెట్టిన చోటు మర్నాడు పొద్దున సరిగ్గా తప్పుదిక్కు అవుతుంది. ఈ ఒక్క పనికి రిహార్సల్ కూడా పొద్దున్నే చేయాలి.

భయపెట్టే ఫొటోలు, వీడియోల గురించి ఒక మాట. కొత్తదనం పేరుతో చాలామంది వెళ్లే దారి ఇది, నేను మాత్రం వద్దంటాను. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లే. మన ముందు నిలబడ్డ గుంపులో ఆ ఊళ్లవాళ్లు ఉండవచ్చు, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు ఉండవచ్చు. పైగా ఆ భవనం కూలడానికి పనివాళ్ల అజాగ్రత్త కారణం కాదు. ఆ శిథిలాల బొమ్మ చూపించి "జాగ్రత్తగా ఉండండి" అంటే తప్పు మోయాల్సినవాళ్లను వదిలి చనిపోయినవాళ్ల మీద వేసినట్టవుతుంది. ఆ సంగతి ఎత్తాలనుకుంటే ఒకటే దారి ఉంది. పనిచోట గోడ పగుళ్లిచ్చినా, కాలమ్ దగ్గర శబ్దం వచ్చినా, ప్రాపు కుంగినట్టున్నా పని ఆపి బయటికి వచ్చే హక్కు వాళ్లకుందని చెప్పి, ఎవరికి ఫోన్ చేయాలో నంబరు ఇవ్వాలి. అలా బయటికి వచ్చినవాడి ఆ రోజు కూలి కోయబోమని కాంట్రాక్టరు నోటితోనే, అందరి ముందు చెప్పించాలి. కాంట్రాక్టరు దానికి ఒప్పుకోకపోతే ఆ టాక్ పెట్టవద్దు. ముందు కాంట్రాక్టరుతో మాట్లాడటం మన పని.

కొత్త పద్ధతిని ఏటా మార్చి 4న మొదలయ్యే సేఫ్టీ వారోత్సవాల్లో మొదలుపెట్టడం కూడా నాకు నచ్చదు. జాతీయ భద్రతా మండలి 1966 మార్చి 4న ఏర్పడిన గుర్తుగా జరిగే వారం అది, ప్రతిజ్ఞ, బ్యాడ్జీలు, పోటీలు అన్నీ ఉంటాయి, ఉండాలి కూడా. కానీ ఆ వారంలో ఏం పెట్టినా పండగలో భాగంగానే చూస్తారు. 11వ తేదీ పొద్దున అది కనబడకపోతే ఎవరూ అడగరు. ఏ విశేషమూ లేని ఒక బుధవారం మొదలుపెట్టిన పద్ధతినే జనం పనిలో భాగంగా తీసుకుంటారు.

పద్ధతి పనిచేసిందో లేదో ఎప్పుడు, ఎలా చూడాలన్నది మిగిలింది. టాక్ అయ్యాక "ఎలా ఉంది?" అని అడగడం వృథా. "బాగుంది సార్" అనే అంటారు, మర్యాద కొద్దీ. రిజిస్టర్‌లో సంతకాల సంఖ్య కూడా ఏమీ చెప్పదు. పదకొండు గంటలకు ఒకసారి, నాలుగు గంటలకు ఒకసారి చెప్పకుండా స్లాబ్ మీదికి వెళ్లి హుక్కులు ఎక్కడున్నాయో చూడాలి. కాళ్ల దగ్గరా, నడుము ఎత్తునా, తలపైనా అని మూడు గళ్లు గీసుకుని గీతలు పెట్టుకుంటే చాలు. నాలుగు గంటల లెక్కే అసలైనది. అలసట వచ్చాక, మేస్త్రీ తొందర పెడుతుండగా హుక్కు ఎక్కడుందో అదే అలవాటు. మొదటి వారం అంకెలు బాగుండి రెండో వారం జారిపోవడం మామూలే. ఇక్కడే చాలామంది పద్ధతి మార్చేస్తారు. మార్చకూడదు. కనీసం రెండు స్లాబ్ సైకిళ్లు, అంటే ఒకసారి షటరింగ్ ఎక్కి, కాస్టింగ్ (కాంక్రీటు పోయడం) అయి, డీషటరింగ్ (అచ్చు విప్పడం) దాకా వచ్చి, అదంతా రెండోసారి కూడా పూర్తయ్యేదాకా, అదే తాడు, అదే పద్ధతి నడవాలి. అంచు పనుల్లో ఒక్కో దశలో హుక్కు చోటు మారుతుంది. డీషటరింగ్ రోజు తాడు వేసి చూడకపోతే పద్ధతి సగమే చూసినట్టు.

రెండు సైకిళ్ల తర్వాతా గీతలు కాళ్ల గడిలోనే పడుతుంటే మనుషుల్ని అనడానికి ముందు లైఫ్‌లైన్ వైపు చూడాలి. చాలాసార్లు అది చేతికి అందనంత ఎత్తులోనో, పని నడిచే చోటుకి దూరంలోనో ఉంటుంది, లేదా స్తంభం దాటాలంటే హుక్కు తీసి మళ్లీ వేయాల్సి వస్తుంది. అలాంటి చోట రెండు హుక్కుల లాన్యార్డ్ ఇవ్వాలి, ఒకటి తీసేలోపు రెండోది తగిలి ఉండేలా. అన్నీ సరిచేశాక కూడా మార్పు లేకపోతే అప్పుడు తాడును పక్కన పెట్టవచ్చు. ఎందుకు పక్కన పెడుతున్నామో గుంపుకి చెప్పి మరీ పెట్టాలి, చెప్పకుండా మాయం చేయవద్దు.

రిజిస్టర్‌లో ఎంతమంది వచ్చారన్న గడి పక్కన ఇంకో గడి చేర్చడం మేలు. ఆ రోజు తాడు ఎక్కడ వేశారు, తెలుపు నేలను తాకిందా లేదా, తాకితే ఆ చోట ఏం కట్టారు, కట్టించింది ఎవరు. నెల తిరిగేసరికి ఆ గడి సైట్‌లోని చెడ్డ అంచుల పటంలా తయారవుతుంది, ఆడిట్‌కి వచ్చినవాళ్లకు కూడా అదే చూపించవచ్చు.

సంక్రాంతికి మనవాళ్లు ఊళ్లకు వెళ్తారు. పండగయ్యాక తిరిగి వచ్చే గ్యాంగులో సగం కొత్త ముఖాలుంటాయి, కొన్నిసార్లు మేస్త్రీయే మారతాడు. పాతవాళ్లకు తెలుసు కదా అని టాక్ కుదించడానికి మనసు లాగేది అప్పుడే. కొత్త గ్యాంగుకి మొదటి నుంచీ మొత్తం చేయాలి, ముందురోజు సాయంత్రం రిహార్సల్‌తో సహా. ఎండకు ఇన్సులేషన్ టేపు జిగురు కరిగి రంగులు జారి ఉంటాయి. తాడును మళ్లీ ఒక రాత్రి వేలాడదీసి, కొలిచి, కొత్త టేపు చుట్టి, కొత్త మేస్త్రీ చేతే ఆ కొలతలు వేయించాలి.